లీటరు పెట్రోలు, తొమ్మిది వేల లీటర్ల గాలి

పెట్రోలు బంకులో కారు ఆపినప్పుడు అందరి కళ్లూ మీటరు మీదే ఉంటాయి. సున్నా చూపించాడా, ఎన్ని లీటర్లు పడింది, ఎంతయింది అని పైసాతో సహా చూసుకుంటాం. ఇంజను పీల్చుకునే గాలికి మనకు కనిపించే మీటరు లేదు, బిల్లూ రాదు. అందుకే దాని ఊసు ఎవరూ ఎత్తరు. నిజానికి తూకం వేసి చూస్తే ఇంజను పెట్రోలు కంటే గాలినే ఎన్నో రెట్లు ఎక్కువ తీసుకుంటుంది. కిలో పెట్రోలు సరిగ్గా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. లీటరు పెట్రోలు ముప్పావు కిలో తూగుతుంది కాబట్టి దానికి దాదాపు 11 కిలోల గాలి అవసరం. నేల దగ్గర ఘనపు మీటరు గాలి బరువు సుమారు 1.2 కిలోలు. ఈ లెక్కన లీటరు పెట్రోలుకు తొమ్మిది ఘనపు మీటర్లు, అంటే తొమ్మిది వేల లీటర్ల గాలి ఖర్చవుతుంది. ఆ గాలంతా బానెట్ కింద ఒక ప్లాస్టిక్ పెట్టెలో మడతలు మడతలుగా అమర్చిన కాగితం గుండా పోవాలి. అదే ఎయిర్ ఫిల్టరు.

కారులో గాలికి ఇంకో దారి కూడా ఉంది. బ్లోయరు తిరిగినప్పుడు ఏసీ గుండా మన ముఖం మీదికి వచ్చే గాలి దారి అది. ఆ దారిలో ఉండేదాన్ని కంపెనీ వాళ్లు క్యాబిన్ ఫిల్టరంటారు, షెడ్డులో అందరూ ఏసీ ఫిల్టరంటారు. చాలా కార్లలో గ్లోవ్ బాక్స్ వెనక దాగి ఉంటుంది. తన కారులో అలాంటిదొకటి ఉందని తెలియకుండానే ఏళ్ల తరబడి బండి నడిపే వాళ్లున్నారు.

ఈ రెండింటినీ ఎన్నాళ్లకొకసారి మార్చాలి? కారుతో వచ్చే పుస్తకం చూస్తే జవాబు కిలోమీటర్లలో ఉంటుంది. ఇంజను ఫిల్టరును ప్రతి పది వేలకూ చూడండి, ముప్పై నలభై వేలకు మార్చండి, దుమ్ము ప్రాంతాల్లో ఇంకా ముందే మార్చండి అని చాలా కంపెనీలు చెబుతాయి. క్యాబిన్ ఫిల్టరుకు పది పదిహేను వేల కిలోమీటర్లు, లేదా ఏడాది. ఇవి తప్పుడు అంకెలేమీ కావు. చిక్కల్లా కొలబద్దతోనే వచ్చింది. కారు ఎంత దూరం తిరిగిందన్నది ఫిల్టరుకు పట్టదు. తన గుండా ఎంత గాలి పోయింది, ఆ గాలిలో ఎంత దుమ్ము ఉంది అన్న రెండే దానికి లెక్క. ఇంజను ఫిల్టరు గుండా పోయే గాలి మండిన పెట్రోలును బట్టి ఉంటుంది. క్యాబిన్ ఫిల్టరు గుండా పోయే గాలి బ్లోయరు తిరిగిన గంటలను బట్టి ఉంటుంది. ఈ తేడా పట్టుకుంటే మిగతా లెక్కలన్నీ మనమే వేసుకోవచ్చు.

వేద్దాం. లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే కారు 15 వేల కిలోమీటర్లు తిరిగితే వెయ్యి లీటర్ల పెట్రోలు తాగుతుంది. అంటే 9 వేల ఘనపు మీటర్ల గాలి. నగరంలో రోడ్డు మీది గాలిలో ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాముల ధూళి ఉందనుకుందాం. పీఎం10 అనే సన్న ధూళికి మన జాతీయ ప్రమాణాలు ఒక రోజు సగటుగా పెట్టిన హద్దు కూడా ఇదే. గుణిస్తే 0.9 గ్రాములు. పదిహేను వేల కిలోమీటర్లకు గ్రాము కూడా నిండలేదు! కారు ఫిల్టరు పట్టగలిగే ధూళి పదుల గ్రాముల్లో ఉంటుంది, పెద్దదైతే వంద దాటుతుంది. ఆకులు, పురుగుల రెక్కలు, డీజిల్ మసి, టైర్లు లేపే ముతక దుమ్ము కూడా కలుపుకుంటే అసలు అంకె ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. అయినా తారురోడ్డు మీద తిరిగే కారుకు ముప్పై నలభై వేల కిలోమీటర్ల గడువు ఎక్కడి నుంచి వచ్చిందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇప్పుడు అదే కారును మట్టిరోడ్డెక్కిద్దాం. ముందు కంకర లారీ పోతోంది, దాని వెనకే మనం. ఘనపు మీటరుకు పది మిల్లీగ్రాముల దుమ్ము ఉందనుకుందాం. ఇది అతిశయోక్తేమీ కాదు. ఫిల్టర్లను పరీక్షించడానికి ప్రపంచమంతా వాడే ఐఎస్ఓ 5011 పద్ధతిలో ఘనపు మీటరుకు ఏకంగా ఒక గ్రాము ధూళి వదులుతారు. ముందేముందో కనిపించనంత దుమ్మది. మన పది మిల్లీగ్రాములు అందులో నూరో వంతే. గతుకుల్లో కారు లీటరుకు పది కిలోమీటర్లే ఇస్తుంది కాబట్టి నూరు కిలోమీటర్లకు పది లీటర్లు, 90 ఘనపు మీటర్ల గాలి. దుమ్ము 0.9 గ్రాములు. నగరంలో 15 వేల కిలోమీటర్లకు చేరిన దుమ్ము మట్టిరోడ్డు మీద నూరు కిలోమీటర్లకే చేరింది. సర్వీసు పుస్తకంలో చివరన చిన్న అక్షరాల్లో ఉండే ‘దుమ్ము ప్రాంతాల్లో తరచుగా’ అన్న మాటకు ఇంత బరువుంది.

దుమ్ములోనూ రకాలున్నాయి. తాండూరు నాపరాయి గనుల దగ్గరా, పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గరా లేచేది సున్నపురాయి దుమ్ము. అందులో ఉండే కాల్సైట్ గట్టిదనం మోహ్స్ కొలమానంలో 3. కరీంనగర్ గ్రానైట్ క్వారీల దుమ్ములో, మామూలు రోడ్డు ఇసుకలో క్వార్ట్జ్ ఉంటుంది. దాని గట్టిదనం 7. సిలిండరుకు వాడే పోత ఇనుము అంత గట్టిది కాదు. ఫిల్టరు పూడుకుపోవడంలో రెండు దుమ్ములదీ ఒకటే పని, ఇంజనును అరగదీయడంలో మాత్రం క్వార్ట్జ్‌దే పైచేయి. పిస్టన్ రింగుకూ సిలిండరు గోడకూ మధ్య ఉండే నూనె పొర కొన్ని మైక్రాన్ల మందమే ఉంటుంది. మన తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుందంటే ఆ పొర ఎంత పలచనో ఊహించుకోవచ్చు. అంతకన్నా సన్నని రేణువు నూనెలో పడి కొట్టుకుపోతుంది. ఐదు నుంచి ఇరవై మైక్రాన్ల క్వార్ట్జ్ రేణువు మాత్రం ఆ పొరను చీల్చుకుని రెండు లోహాలనూ ఒకేసారి గీస్తుంది. నిమిషానికి రెండు వేల చుట్లు తిరిగే ఇంజనులో ఒక్కో సిలిండరు గోడ మీద ఆ రింగులు నిమిషానికి నాలుగు వేల సార్లు పైకీ కిందికీ పాకుతాయి. కొన్నాళ్లకు రింగులు వదులై, ఇంజను ఆయిలు తాగడం మొదలుపెట్టి, సైలెన్సరు నీలం పొగ వదులుతుంది. మెకానిక్ ‘ఇంజను బోరుకొచ్చింది’ అంటాడు. కొన్ని వందల రూపాయల కాగితం చేయాల్సిన పని చేయకపోతే ఖర్చు అక్కడిదాకా పోతుంది.

రైల్వే డీజిల్ లోకో షెడ్లలో ఈ సంగతిని నూనె చుక్కలోనే కనిపెడతారు. ఇంజను ఆయిలు నమూనాను స్పెక్ట్రోమీటరులో పెట్టి ఏ మూలకం ఎంతుందో చూస్తారు. ఇనుము, రాగి, అల్యూమినియం పెరిగితే లోపల ఏదో అరుగుతోందని అర్థం. వాటితో పాటు సిలికాన్ కూడా పెరిగితే మొదట గాలి దారినే అనుమానిస్తారు. సిలికాన్ అంటే ఇసుక, ఇసుక అంటే ఫిల్టరు తప్పించుకుని లోపలికి పోయిన దుమ్ము.

ఇంతకీ ఆ కాగితం దుమ్మును ఎలా పట్టుకుంటుంది? జల్లెడలా అనుకుంటాం కానీ, అది జల్లెడ కాదు. జల్లెడ తన కన్నం కంటే పెద్దవాటినే ఆపుతుంది. ఫిల్టరు కాగితంలో పోగుల మధ్య సందులు అది పట్టుకునే రేణువుల కంటే చాలావరకు పెద్దవే. గాలి ఆ పోగుల అడవిలో వంకర్లు తిరుగుతూ పోతుంది. బరువైన రేణువు గాలితో పాటు చప్పున మలుపు తిరగలేదు, తిన్నగా పోయి పోగుకు కొట్టుకుని అతుక్కుంటుంది. కాస్త చిన్నది గాలి వెంటే వంపు తిరుగుతుంది గానీ పోగు పక్కనుంచి రాసుకుంటూ పోయి దొరికిపోతుంది. మరీ సూక్ష్మమైనవాటి కథ వేరు. గాలి అణువులు నలువైపులా గుద్దుతుంటే అవి తిన్నగా పోలేక అటూ ఇటూ ఎగురుతూ ఏదో ఒక పోగుకు తగులుతాయి. పెద్దవి జడత్వం వల్లా, మరీ చిన్నవి బ్రౌనియన్ చలనం వల్లా చిక్కుతాయి. అన్నిటికంటే ఎక్కువగా తప్పించుకునేవి మధ్యలో ఉండే 0.3 మైక్రాన్ల చుట్టుపక్కల రేణువులు. ఆసుపత్రుల్లో వాడే హెపా ఫిల్టర్లను సరిగ్గా ఆ కొలత దగ్గరే పరీక్షించడానికి కారణం ఇదే.

ఇందులోంచే చాలామంది నమ్మలేని ఒక విషయం వస్తుంది. ఇంజను ఫిల్టరు మురికి పట్టేకొద్దీ మెరుగ్గా పనిచేస్తుంది. మొదట చిక్కిన దుమ్మే కాగితం మీద పొరగా ఏర్పడి తర్వాత వచ్చే దుమ్మును పట్టుకుంటుంది. కొత్త ఫిల్టరు నూటికి 98 పాళ్లు ఆపి, కొంత వాడాక 99.5 ఆపిందనుకోండి. చూడ్డానికి ఒకటిన్నర శాతమే తేడా. ఇంజనులోకి పోయే దుమ్ము మాత్రం రెండు పాళ్ల నుంచి అరపాలుకు, నాలుగో వంతుకు పడిపోయింది. బూడిద రంగుకు తిరిగిన ఫిల్టరును చూసి ‘అయ్యో, ఎంత మురికో’ అని కంగారు పడనక్కర్లేదు. ఆ మురికి బయట ఆగిపోయినది. దీనికి చెల్లించే మూల్యం గాలి లాగడంలో వచ్చే బిగువు. అది ఒక హద్దు దాటినప్పుడే ఫిల్టరు పని అయిపోయినట్టు.

ట్రాక్టర్లకూ పెద్ద లారీలకూ ఆ హద్దు చూపించడానికి ఫిల్టరు గొట్టం మీద చిన్న సూచిక ఉంటుంది. బిగువు మితిమీరితే అందులో ఎర్ర పట్టీ కనిపిస్తుంది. దుక్కి దున్నేటప్పుడు రోజంతా మట్టిలోనే నడిచే యంత్రానికి కిలోమీటర్ల గడువు పనికిరాదని ఆ తయారీదారులకు ఎప్పుడో తెలుసు. కార్లకు ఇంత చిన్న సాధనం పెట్టకపోవడం నాకు నచ్చని విషయం. అది ఉంటే ఈ అధ్యాయంలో సగం అవసరమే ఉండేది కాదు.

ఎర్ర పట్టీ లేనిచోట మెకానిక్ మాటే దిక్కు. అక్కడ జరిగేదాన్ని దగ్గర నుంచి చూద్దాం. బానెట్ ఎత్తి, ఫిల్టరు పెట్టె క్లిప్పులు తీసి, మూత పూర్తిగా ఊడదీయకుండా ఒక పక్కకు వంచి ఫిల్టరు బయటికి లాగుతారు. నేలకేసి రెండు దెబ్బలు కొడతారు. తర్వాత టైర్లకు కొట్టే కంప్రెసరు గొట్టం తెచ్చి మడతల్లోకి గాలి కొడతారు. బుస్సున దుమ్ము లేస్తుంది, కాగితం తెల్లబడుతుంది. ‘ఇంకో సర్వీసు వస్తుంది సార్’ అని మళ్లీ బిగిస్తారు. డబ్బు మిగిల్చిన తృప్తితో మనమూ బయల్దేరతాం. అతని ఉద్దేశం మంచిదే. కానీ ఆ దెబ్బకు కాగితం పోగులు విడిపోయి కంటికి కనిపించని చీలికలు పడొచ్చు. పొడిగా ఉన్న ముతక దుమ్ము రాలిపోతుంది, సన్నది ఇంకా లోపలికి దిగబడుతుంది. ఫిల్టరును శుభ్రం చేసి వాడుకోవచ్చని ఒప్పుకునే భారీ యంత్రాల మాన్యువళ్లు కూడా గాలి ఒత్తిడి 30 పీఎస్‌ఐ దాటకూడదనీ, లోపలి వైపు నుంచి బయటికి మాత్రమే ఊదాలనీ షరతు పెడతాయి. కంప్రెసరు ట్యాంకులో అంతకు మూడు నాలుగు రెట్లు ఉంటుంది. కొన్ని కార్లకు సన్నగా నూనె అద్దిన కాగితం ఫిల్టరు వస్తుంది. దానికైతే గాలి అసలు కొట్టకూడదు, నిండితే మార్చడమే.

అంతకంటే పెద్ద ప్రమాదం తిరిగి బిగించడంలో ఉంది. ఫిల్టరు అంచున మెత్తని రబ్బరు ఉంటుంది. పెట్టె రెండు భాగాల మధ్య అది గట్టిగా నొక్కుకుంటేనే గాలి కాగితం గుండా పోతుంది. ఒక ఎండుటాకు ఆ అంచు కింద పడినా, ఒక క్లిప్పు సరిగా పడకపోయినా గాలికి దొంగదారి దొరుకుతుంది. నూటికి ఒక వంతు గాలి అలా పోయిందంటే 99.5 పాళ్లు ఆపే ఫిల్టరుకు ఉన్న గొప్పంతా పోయినట్టే. వడపోత లేకుండా పోయే దుమ్ము అప్పుడు కాగితంలోంచి తప్పించుకునేదానికి రెట్టింపు. మాటిమాటికీ ఫిల్టరు తీసి చూసే అలవాటు మంచిది కాదని అందుకే అంటాను. చూడాల్సింది కాగితం రంగు కంటే పెట్టెలో ఇంజను వైపు భాగం. అక్కడ తెల్లగుడ్డతో ఒకసారి తుడవండి. గుడ్డకు సన్నటి మట్టి అంటితే ఫిల్టరు ఎంత కొత్తదైనా ఎక్కడో సందు ఉంది. దాన్ని వెతికి మూయించాలి. అంచు రబ్బరు బిరుసుగా, మడతలు ఎగుడుదిగుడుగా ఉండే నాసిరకం ఫిల్టర్లతో ఈ సందుల బెడద ఎక్కువ.

ఫిల్టరు మారిస్తే మైలేజీ పెరుగుతుందని ఇప్పటికీ గట్టిగా నమ్ముతారు. కార్బురేటర్ల కాలంలో ఇది నిజం. గాలి తగ్గితే కార్బురేటరులో పీడనం పడిపోయి పెట్రోలు పాలు పెరిగేది, నల్లపొగ వచ్చేది. 2000 ప్రాంతంలో మన కార్లలో కార్బురేటర్లు పోయి ఎంపీఎఫ్‌ఐ వచ్చింది. ఇప్పుడు ఎంత గాలి వచ్చిందో కొలిచి అంతకు తగ్గ పెట్రోలునే కంప్యూటరు చిమ్మిస్తుంది. పైగా పెట్రోలు ఇంజనులో గాలిని అదుపు చేయడానికి థ్రాటిల్ అనే మూత ఎలాగూ ఉంది. మామూలు వేగంలో అది సగానికి పైగా మూసుకునే ఉంటుంది. ఫిల్టరు కాస్త బిగిస్తే మన కాలు యాక్సిలరేటరును ఇంకాస్త నొక్కుతుంది, మూత ఆ మేరకు తెరుచుకుంటుంది, లెక్క సరిపోతుంది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో దీన్ని కార్ల మీదే పరీక్షించి చూసింది. కంప్యూటరుతో నడిచే ఇంజనుల్లో ఫిల్టరు పూడుకుపోయినా మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తేడా కనిపించింది పికప్‌లో. కొత్త ఫిల్టరు వేస్తే వేగం అందుకునే సమయం 6 నుంచి 11 శాతం దాకా మెరుగుపడింది. 1970ల నాటి కార్బురేటరు కారులో మాత్రం మైలేజీ మీదా ప్రభావం పడింది. కాబట్టి మైలేజీ తగ్గిందని ఫిల్టరు మార్చి కూర్చుంటే అసలు కారణం అలాగే ఉండిపోతుంది. టైర్లలో గాలి చూసుకోవడం అంతకంటే ముందు చేయాల్సిన పని. ఓవర్‌టేక్ చేయబోతే బండి ఎప్పటిలా అందుకోవడం లేదనిపించినా, ఘాటెక్కేటప్పుడు ఊపిరాడనట్టు లాగుతున్నా అప్పుడు ఫిల్టరు మీదికి చూపు పోనివ్వాలి. టర్బో డీజిల్ బండి పెట్రోలు బండి కంటే చాలా ఎక్కువ గాలి మింగుతుంది కాబట్టి దానికి ఇది ఇంకా ముందే తెలుస్తుంది.

తారురోడ్ల మీదే తిరిగే పెట్రోలు కారుకు పుస్తకంలో రాసిన గడువు సరిపోతుంది, మధ్యలో కెలకక్కర్లేదు. రోజూ క్వారీ దారిలోనో, రోడ్డు పనులు నడిచే చోటో, కొత్తగూడెం, మణుగూరు వైపు బొగ్గు లారీల వెనకో తిరిగితే ఆ గడువులో సగానికో, మూడో వంతుకో మార్చేయాలి. వరి నూర్పిళ్ల కాలంలో ఊళ్ల మీదుగా తిరిగినా, పత్తి లారీల వెంట జిన్నింగు మిల్లుల చుట్టూ తిరిగినా ఒకసారి తెరిచి చూడాలి. ఊకపొట్టూ పత్తి నూగూ తూకానికి ఏమీ లేకపోయినా మడతల నోళ్లు మూసేస్తాయి. కొన్నాళ్లు కదలకుండా ఉన్న బండికి ఎలుకల సంగతి మరచిపోవద్దు. ఫిల్టరు పెట్టె వాటికి వెచ్చని చోటు, కాగితం కొరికి గూడు కడతాయి. నీళ్లు నిలిచిన రోడ్డులో ఈదుకుంటూ వచ్చిన బండికైతే లెక్కలేవీ అక్కర్లేదు, తడిసిన కాగితం ఫిల్టరును పారేయడమే.

ఇప్పుడు రెండో ఫిల్టరు సంగతి. దీన్ని మనం చూసే పద్ధతి పూర్తిగా తలకిందులుగా ఉంది. ఇంజను ఫిల్టరును ప్రతి సర్వీసులో తీసి దులిపి చూస్తాం, ఊపిరితిత్తుల ఫిల్టరును మూడు నాలుగేళ్లయినా ముట్టం.

మళ్లీ అదే 15 వేల కిలోమీటర్లు తీసుకుందాం. హైదరాబాదు ట్రాఫిక్కులో సగటున గంటకు 20 కిలోమీటర్లు నడిస్తే 750 గంటలు కారులో కూర్చున్నట్టు. అదే దూరం హైవే మీద 80 చొప్పున పోతే 190 గంటలు కూడా పట్టదు. కిలోమీటర్లు ఒకటే, బ్లోయరు తిరిగిన కాలంలో నాలుగు రెట్ల తేడా. బ్లోయరు మధ్యస్థంగా గంటకు 150 ఘనపు మీటర్ల గాలి తోస్తుందనుకుంటే నగరంలో తిరిగే కారు క్యాబిన్ ఫిల్టరు గుండా 1,12,500 ఘనపు మీటర్ల గాలి పోతుంది. ఇంజను పీల్చింది 9 వేలే. బయటి గాలి తీసుకుంటూ నడిస్తే ఇంజను ఫిల్టరుకు గ్రాము దుమ్ము చేరేలోపు దీనికి పన్నెండు గ్రాములకు పైగా చేరుతుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ముందున్న బస్సు పొగ సరాసరి వైపర్ల కింద జాలీలోకి వచ్చి పడుతుందన్నది కూడా ఇందులో కలపాలి.

రెండు ఫిల్టర్లకు శత్రువులూ వేరు. ఇంజనుకు భయం ఐదు మైక్రాన్లు దాటిన గట్టి రేణువంటే. మనిషికి అలాంటివాటిని చాలావరకు ముక్కూ గొంతూ ఆపుతాయి. మనకు కీడు చేసేవి 2.5 మైక్రాన్ల లోపువి, ఊపిరితిత్తుల్లో గాలిగదుల దాకా పోయేవి. వీటికి మన దేశం పెట్టుకున్న ఏడాది సగటు హద్దు ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తాను సూచించే హద్దును 5కు దించింది. ఇంత సన్నవాటిని పట్టుకోవాలంటే కాగితం ఫిల్టరును ఇంకా చిక్కగా చేయాలి. అలా చేస్తే చిన్న బ్లోయరుకు గాలి తోసే శక్తి చాలదు. అందుకని క్యాబిన్ ఫిల్టరు తయారీలో ఇంకో ఉపాయం వాడతారు. పాలీప్రొపిలీన్ లాంటి ప్లాస్టిక్ పోగుల్లో విద్యుదావేశం చాలాకాలం నిలిచేలా నింపుతారు. ఎన్95 మాస్కులో ఉండేదీ ఇదే. పక్కనుంచి పోయే సన్నని రేణువును ఆ ఆవేశం తనవైపు లాక్కుంటుంది. సందులు వదులుగా ఉన్నా వడపోత గట్టిగా ఉంటుంది.

ఈ ఆవేశానికి ఆయుష్షు ఉంది. మసి, నూనె ఆవిరులు పోగుల మీద పూతగా పేరుకునేకొద్దీ అది కప్పుబడిపోతుంది. అందువల్ల క్యాబిన్ ఫిల్టరు విషయంలో మురికి పడితే మెరుగవుతుందన్న సూత్రం నమ్మడానికి లేదు. ముతక దుమ్మును పట్టడంలో ముందులాగే ఉన్నా, మనకు అసలు కావలసిన సన్న రేణువుల దగ్గర పట్టు సడలుతుంది. కొంతమంది దీన్ని కుళాయి కింద సబ్బునీళ్లతో కడిగి ఎండబెట్టి మళ్లీ పెడతారు. కంటికి తళతళలాడుతుంది, లోపలి ఆవేశం మాత్రం ఆ సబ్బుతో చాలావరకు పోతుంది. ఎన్95 మాస్కును ఉతకొద్దనడానికి కారణం కూడా ఇదే. నాలుగు దెబ్బలు తట్టి ఆకులూ రెక్కలూ రాల్చి పెట్టుకోవడం వరకు పర్వాలేదు, అంతకు మించి దాని వయసు వెనక్కి తిప్పడం కుదరదు.

ఫిల్టరులో నల్లటి పొర ఉంటే అది ఉత్తేజిత కర్బనం. గ్రాము కర్బనంలో ఉండే సూక్ష్మరంధ్రాల ఉపరితలం పరిచి కొలిస్తే వెయ్యి చదరపు మీటర్ల దాకా వస్తుంది. పొగలోని ఘాటు వాసనలు, ఓజోన్, నైట్రోజన్ డయాక్సైడ్ వంటివి దానికి అంటుకుంటాయి. ఆ చోటు నిండిపోయాక ఫిల్టరు చూడ్డానికి శుభ్రంగానే ఉన్నా వాసనలు లోపలికి వస్తాయి. ఒక్క విషయం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. కార్బన్ మోనాక్సైడ్ ఏ క్యాబిన్ ఫిల్టరుకూ చిక్కదు. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. మూసిన షెడ్డులో ఇంజను ఆన్ చేసి, అద్దాలెత్తి ఏసీలో పడుకుంటే ఎంత ఖరీదైన ఫిల్టరూ కాపాడలేదు.

గాలిని లోపలే తిప్పే బటన్ గురించి ఇక్కడే చెప్పుకోవాలి. చాలా కార్లలో లోపల తిరిగే గాలి కూడా ఫిల్టరు గుండానే పోతుంది. కారు లోపలి చోటు మూడు ఘనపు మీటర్లనుకుంటే, గంటకు 150 ఘనపు మీటర్లు తోసే బ్లోయరు అదే గాలిని గంటకు యాభై సార్లు వడకడుతుంది. ఒక్కో చుట్టులో సగం దుమ్ము పట్టినా చాలు, కొద్ది నిమిషాల్లోనే లోపలి గాలి తేటపడుతుంది. లారీ వెనక చిక్కుకున్నప్పుడు ఆ బటన్ నొక్కడం సరైన పనే. నొక్కి మరచిపోతే చిక్కొస్తుంది. కూర్చున్న మనిషి నిమిషానికి పావు లీటరుకు పైగా కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. నలుగురు కలిసి ఇంచుమించు 1.2 లీటర్లు. సందుల్లేని కారైతే అది నిమిషానికి 400 పీపీఎం చొప్పున పెరుగుతుంది. బయటి గాలిలో ఉండేది 420 పీపీఎం. అంటే బయట ఉన్నంత పరిమాణం లోపల ప్రతి నిమిషానికీ కొత్తగా చేరుతుందన్నమాట. నిజమైన కారుకు సందులుంటాయి కాబట్టి పెరుగుదల అంత వేగంగా ఉండదు. అయినా అరగంటలో తల బరువెక్కి ఆవులింతలు వచ్చేంత పెరుగుతుంది. దూరప్రయాణంలో స్టీరింగు ముందున్న మనిషికి అది చాలా చెడ్డది. పది పదిహేను నిమిషాలకొకసారి కాసేపు బయటి గాలి తీసుకోవాలి. ఆ బయటి గాలి కోసమే ఫిల్టరు బాగుండాలి.

క్యాబిన్ ఫిల్టరు వెనక ఏసీ కూలింగు కాయిలు ఉంటుంది. చల్లటి రేకుల మీద ఎప్పుడూ తేమే. ఫిల్టరు లేకపోయినా, చిరిగినా దుమ్ము ఆ తడికి అంటుకుని బురదయ్యి బూజు పడుతుంది. ఏసీ వేయగానే తడిగుడ్డ వాసన గుప్పుమనేది అప్పుడే. కాయిలు బాగా పూడితే డ్యాష్‌బోర్డు విప్పే దాకా పోతుంది. కొన్ని చవక మోడళ్లలో ఫిల్టరు పెట్టే గాడి ఉంచి, ఫిల్టరు ఇవ్వకుండా అమ్మేవారు. మీ బండి అలాంటిదేమో గ్లోవ్ బాక్స్ తీయించి చూసుకోవడం మంచిది. ఫిల్టరు మరీ పూడితే బ్లోయరు నాలుగో నంబరులో మోగుతుంది, గాలి మాత్రం రెండో నంబరులో వచ్చినంతే వస్తుంది. ఏసీ గ్యాసు తగ్గిందేమోనని నింపించే ముందు ఫిల్టరు తీసి ఒకసారి బ్లోయరు వేసి చూస్తే సంగతి తేలుతుంది.

రోజుకు రెండు గంటలు నగర ట్రాఫిక్కులో గడిపే కారుకు క్యాబిన్ ఫిల్టరు ఏడాదికి రెండుసార్లు మార్చాలి. వారానికొకసారి బయటికి తీసే కారుకు ఏడాదికొకటి చాలు. వేపచెట్టు కిందో చింతచెట్టు కిందో బండి నిలిపేవాళ్లు ముందు వైపర్ల కింద జాలీలో చేరిన ఆకును ఏరేయాలి. కుళ్లిన ఆకు వడపోతకు దిగకముందే గాలిని పాడుచేస్తుంది. కరెంటు కారు కొన్నవాళ్లకు ఇంజను ఫిల్టరు గొడవ తప్పింది గానీ, ఇది వాళ్లకూ ఉంది.

ఒక్కసారే మార్చేవాళ్లు ఎప్పుడు మార్చాలో కూడా చెప్పొచ్చు. వానాకాలమంతా తడిసి ఆరిన ఫిల్టరులో బూజు ఉంటుంది. నవంబరు నుంచి జనవరి దాకా మన నగరాల్లో చల్లటి గాలి నేలను అంటిపెట్టుకుని పైకి లేవదు, పొగా సన్న ధూళీ ఊరి మీదే నిలుస్తాయి. పీఎం2.5 ఏడాదిలో ఎక్కువగా ఉండేది ఆ రోజుల్లోనే. కొత్త ఫిల్టరులో ఆవేశం నిండుగా ఉండాల్సిన కాలమూ అదే. కాబట్టి వానలు వెనకపట్టు పట్టాక, దీపావళికి ముందు మార్చుకుంటే పెట్టిన డబ్బుకు పూర్తి ఫలం దక్కుతుంది. రెండోసారి మార్చేవాళ్లు వేసవి దుమ్ము అయిపోయి తొలకరి పడేముందు మార్చుకోవచ్చు. బిగించేటప్పుడు అంచు మీద ఉన్న బాణం గుర్తు గాలి పోయే వైపు ఉందో లేదో చూసి, మార్చిన తేదీ, మీటరు అంకె ఆ అంచు మీదే స్కెచ్ పెన్నుతో రాయించండి. షెడ్డు మారినా, మెకానిక్ మారినా, బండి చేతులు మారినా అడిగి తెలుసుకోవాల్సిన పని ఉండదు.